ఛాయాచిత్ర శిల్పి రాజా దీన్ దయాళ్

తెల్లని వస్త్రాన్ని ఛాయాచిత్రంలో తెల్లగా చూపడం ఎంత కష్టమో మాకు మొదటి సంవత్సరంలోనే తెలిసివచ్చింది. మా స్వగ్రామం శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు. సన్నని ఖద్దరుకు ఆ ఊరు ప్రసిద్ధమని పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు. ఛాయాచిత్రకళ అభ్యసించడానికి హైదరాబాదు చేరిన మాకు, స్వస్థలంలోని ఏదైనా ఒక చేతిపనిని పన్నెండు చిత్రాలలో చూపవలెనని తొలి అభ్యాసం ఇచ్చినప్పుడు, మా అమ్మమ్మ రాట్నం తప్ప మరొకటి స్ఫురించలేదు. సెలవులలో ఇంటికి వెళ్ళాము. వాలుగ చేప దవడ ఎముకతో ఆమె ప్రత్తిని దువ్వుతున్నప్పుడు తీశాము. ఏకు పట్టుకొని నూలు వడుకుతున్నప్పుడు తీశాము. ఆమె వెనుక గోడ వద్ద నిలబడి ఒకటి, గుమ్మం బయటనుండి ఒకటి తీశాము. కెమెరా వెనుక తెరపై చూసుకున్నప్పుడు అన్నీ బాగున్నట్లే తోచింది. కళాశాలకు వచ్చి పెద్ద ప్రింట్లు వేయించిన తర్వాత అసలు సంగతి బయటపడింది. చీకటి గదిలో కూర్చున్న అమ్మమ్మ కట్టుకున్న ఖద్దరు చీర ఒక తెల్లని మచ్చగా మిగిలింది. మడత లేదు, నేత లేదు, అంచు లేదు. ఇక ఆమె వేళ్ళ నడుమనుండి సాగిన నూలుపోగు పన్నెండింటిలో ఏ ఒక్క చిత్రంలోనూ కనబడలేదు. నూలు వడకడం చూపబోయి నూలు లేని చిత్రాలు తెచ్చామన్నమాట!

మా అధ్యాపకులు కోప్పడలేదు. గ్రంథాలయంలోనుండి ఒక పెద్ద పుస్తకం తెప్పించి, అందులో నిజాం కొలువుకు చెందిన ప్రభువుల చిత్రాలు చూడమన్నారు. తెల్లని అంగరఖాలు, తెల్లని పైజామాలు, ముత్యాల సరాలు, పాలరాతి మెట్లు, అంతా తెలుపే. అయినా ప్రతి మడత తన నీడతో నిలిచి ఉంది. ఒక ముత్యానికి పక్క ముత్యం వేరుగా కనబడుతున్నది. ఆ చిత్రాలు తీసినవారు రాజా దీన్ దయాళ్. ఆనాటినుండి ఆయన జీవితాన్ని వెదకి వెదకి చదివాము. చదివినకొద్దీ మాకు ఊరట కలిగింది. ఎందుకంటే ఆయన పుట్టుకతో ఛాయాచిత్రకారుడు కారు. ఇంచుమించు ముప్పది ఏళ్ళ వయస్సులో, ఉద్యోగం చేసుకుంటూ, ఈ విద్యను మొదటినుండి నేర్చుకున్న విద్యార్థి ఆయన.

దీన్ దయాళ్ 1844వ సంవత్సరంలో ఉత్తర భారతంలోని మీరట్ సమీపాన గల సర్ధానా పట్టణంలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. ఆయన పుట్టుకకు కేవలం అయిదేళ్ళ ముందు, 1839లో, ఫ్రాన్సు దేశస్థుడైన దాగేర్ కనిపెట్టిన ఛాయాచిత్ర విధానం లోకానికి వెల్లడైంది. కళ, కళాకారుడు ఇంచుమించు సమవయస్కులు. బాల్యంలో ఆయనకు ఈ కళతో పరిచయం లేదు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరి కొలతలు వేయడం, పటాలు గీయడం, అంచనాలు కట్టడం నేర్చుకున్నారు. గంగ కాలువ నిర్మాణానికి కావలసిన పనివారిని తయారుచేయడానికి వెలసిన విద్యాలయమది. అక్కడ చదువు ముగించి 1866లో ఇందూరు సంస్థానంలో పబ్లిక్ వర్క్స్ శాఖలో అంచనాదారుగా, నక్షాలు గీసే ఉద్యోగిగా చేరారు.

ఇక్కడ కొంచెం ఆగి ఒక మాట చెప్పాలి. ఛాయాచిత్రకళకు ఇంజనీరింగు చదువుతో సంబంధమేమిటని మేము మొదట అనుకున్నాము. ఆయన తీసిన కట్టడాల చిత్రాలు చూసిన తర్వాత ఆ సందేహం తొలగిపోయింది. కెమెరాను పైకెత్తి భవనాన్ని తీస్తే గోడలు పైకి పోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి వాలినట్లు కనబడతాయి. కొత్తగా నేర్చుకునేవారందరం ఈ పొరపాటు చేసినవాళ్ళమే. దీన్ దయాళ్ చిత్రాలలో స్తంభాలు నిట్టనిలువుగా ఉంటాయి. భవనానికి ఎంత దూరాన, ఎంత ఎత్తున నిలవాలో, ఏ మూలనుండి చూస్తే వరండా లోతు తెలుస్తుందో నక్షాలు గీసిన చేతికి ముందే తెలుసు. నేర్చిన విద్య ఏదీ వృథా కాదని పెద్దలంటారు గాని, ఇంత స్పష్టంగా కంటికి కనబడే నిదర్శనం అరుదు.

ఇందూరులో ఉద్యోగం చేస్తూనే 1870 దశకం నడుమ ఆయన కెమెరా చేతబట్టారు. ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్ ఆయనను ప్రోత్సహించారు. మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయన పనిని మెచ్చి పెద్దల దృష్టికి తెచ్చారు. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశ పర్యటనకు వచ్చినప్పుడు చిత్రాలు తీసే అవకాశం కూడా లభించింది. ఏడాది రెండేళ్ళ అనుభవం గల ఒక గుమాస్తాకు అది చిన్న విషయం కాదు.

ఆనాటి సాంకేతిక పద్ధతిని కొంత వివరిస్తేగాని ఆ గొప్పతనం నేటి పాఠకులకు బోధపడదు. మా చేతిలోని యంత్రం ఒక మధ్యాహ్నంలో అయిదువందల చిత్రాలు తీస్తుంది. అప్పట్లో వాడుకలో ఉన్నది 1851లో ఇంగ్లండులో ఆర్చర్ అనే శిల్పి ప్రకటించిన తడిపలక విధానం. నున్నని గాజుపలకను మచ్చ లేకుండా తుడవాలి. ఈథరులో, ఆల్కహాలులో కరిగించిన కొలోడియన్ అనే జిగట ద్రవాన్ని పలకపై పోసి, నాలుగు మూలలకూ సమంగా పారేటట్లు చేతితో వంచాలి. చీకటిలో దానిని సిల్వర్ నైట్రేటు ద్రావణంలో ముంచాలి. అప్పుడే పలకకు వెలుతురును గ్రహించే గుణం వస్తుంది. ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, చిత్రం తీసి, మళ్ళీ చీకటిలోకి తెచ్చి కడగాలి. మొత్తం తతంగానికి చిక్కే వ్యవధి పది పదిహేను నిమిషాలు. మన ఎండలకు ఈథరు ఇట్టే ఆవిరవుతుంది గనుక ఆ వ్యవధి ఇంకా తగ్గిపోతుంది. కాబట్టి కెమెరా ఎక్కడికి వెళితే చీకటి గుడారం, మందుల సీసాలు, గాజుపలకల పెట్టెలు, నీళ్ళ కుండలు అక్కడికి వెళ్ళాలి. ఎద్దుబండి మీదో కూలీల తలల మీదో ఒక చిన్న రసాయనశాల ఊరేగేదన్నమాట.

అంతటితో పూర్తికాదు. పలకపై వచ్చేది తలక్రిందుల చిత్రం. నలుపు తెల్లగా, తెలుపు నల్లగా ఉంటుంది. గ్రుడ్డులోని తెల్లసొన పూసి, వెండి లవణం పట్టించిన కాగితాన్ని ఆ పలకకు ఆనించి ఎండలో ఉంచితే మెల్లమెల్లగా ప్రింటు తేలుతుంది. బంగారు లవణంలో ముంచితే దానికి ఊదా కలసిన గోధుమవన్నె అబ్బుతుంది. పెద్దదిగా చేయడమన్నది తేలిక కాదు. ఎంత ప్రింటు కావాలో అంత గాజుపలక వాడాలి. అంత పలక పట్టే కెమెరాను మోయాలి.

మరొక చిక్కు ఉంది. మాకు ఇదే ముఖ్యమైనది. ఆ పలకలు నీలి వెలుగుకు ఎక్కువగాను, ఎరుపు పసుపు కాంతులకు చాలా తక్కువగాను స్పందించేవి. ఆకాశం తెల్లబోయేది. మన దేశీయుల చామనఛాయ ముఖాలు ఉన్నదానికంటె నల్లగా వచ్చేవి. వాటి పక్కనే తెల్లని దుస్తులు మండిపోయేవి. ముఖం కనబడేంతసేపు వెలుతురు పట్టనిస్తే చీర మాయమవుతుంది; చీర కోసం తగ్గిస్తే ముఖం చీకటవుతుంది. పొందూరులో మాకు ఎదురైన చిక్కు సరిగ్గా ఇదే. తేడా ఏమిటంటే మాకు తప్పు దిద్దుకోవడానికి కెమెరాలో అనేక సౌకర్యాలున్నాయి. వెలుతురును కొలిచే సాధనం కూడా లేకుండా ఆయన దానిని ఎలా సాధించారు?

జవాబు ఆయన చిత్రాలలోనే ఉంది. ఆయన వెలుగును ఎదురుగా ముఖం మీద కొట్టనీయరు. ఒక పక్కనుండి, కొంచెం పైనుండి, మెత్తగా జారనిస్తారు. అప్పుడు తెల్లని వస్త్రంలో ప్రతి మడతకూ ఒకవైపు వెలుగు, ఒకవైపు పలుచని నీడ ఏర్పడుతుంది. వస్త్రం ఉన్నదని కంటికి చెప్పేది ఆ పలుచని నీడే. వెనుక తెర మరీ నల్లగా ఉండదు, మరీ తెల్లగా ఉండదు. మనిషిని కిటికీకి ఎంత దూరాన కూర్చోబెట్టాలన్నది ఆయనకు కొలిచినట్లు తెలుసు. సంస్కృతంలో ఛాయ అంటే నీడ. ఈ కళకు తెలుగువారు ఛాయాచిత్రమని పేరు పెట్టుకున్నారు గాని, నీడవైపు చూడకుండానే మేము ఒక సంవత్సరం గడిపాము.

1882-83లో డేలీ తరువాత ఆ పదవికి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ బుందేల్‌ఖండ్ ప్రాంతాల పర్యటనకు బయలుదేరుతూ దీన్ దయాళ్‌ను వెంట తీసుకువెళ్ళారు. గ్వాలియరు కోట, ఖజురాహో దేవాలయాలు, ఓర్ఛా రాజభవనాలు మొదలైనవాటిని ఆయన అప్పుడు చిత్రించారు. మధ్య భారతంలోని ప్రసిద్ధ కట్టడాలను గురించి గ్రిఫిన్ 1886లో వెలువరించిన గ్రంథంలో ఆయన చిత్రాలే ఉన్నాయి. ఈ పర్యటన ఆయన జీవితంలో మలుపు. ప్రభుత్వోద్యోగంలో నెల జీతం నిశ్చయం. కెమెరాతో రేపేమి దొరుకుతుందో అనిశ్చయం. కుటుంబం గల మనిషి. అయినా మొదట సెలవు పెట్టి, 1885 నాటికి ఉద్యోగాన్ని పూర్తిగా వదలుకున్నారు. అప్పటికి ఆయనకు నలభై ఒక్క సంవత్సరాలు. అదే సంవత్సరం రాజప్రతినిధి డఫరిన్ ప్రభువు ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించారు.

ఇక హైదరాబాదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1884లో స్వయంగా పరిపాలనాధికారం స్వీకరించారు. యువకుడైన ప్రభువు, వేట, గుర్రాలు, వస్త్రాలు, విందులు అన్నిటిపైనా మక్కువ గలవారు. దీన్ దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారులయ్యారు. ఒకవైపు కంటోన్మెంటులోని దొరలు, సైనికులు. మరొకవైపు పాతనగరంలోని నవాబులు, పైగా ప్రభువులు. రెండు లోకాలకు నడుమ ఆయన స్టూడియో ఒక వంతెనగా నిలిచింది. ఫలక్‌నుమా, చౌమహల్లా వంటి భవనాల గదులు, ఊరేగింపులు, విందు బల్లలు, సైనిక విన్యాసాలు, వేట శిబిరాలు ఆయన పలకలపైకి ఎక్కాయి. 1902 ఏప్రిల్‌లో వరంగల్ జిల్లా నెక్కొండ సమీపాన కర్జన్ ప్రభువు దంపతులు చంపిన పులితో నిలబడిన చిత్రం ఆయన సంస్థ తీసినదే. నేటికీ చరిత్ర పుస్తకాలలో కనబడుతుంది.

నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ప్రసాదించారు. మా ఉర్దూ విభాగపు మిత్రులు ముసవ్విర్ అంటే చిత్రకారుడని, జంగ్ అంటే యుద్ధమని చెప్పారు. యుద్ధవీరులకు ఇచ్చే బిరుదును ఒక చిత్రకారునికి తగిలించడంలో ఉన్న చమత్కారాన్ని వారే మాకు విప్పి చూపారు. ఉర్దూలో ఛాయాచిత్రకళను అక్కాసీ అంటారట. అక్స్ అంటే ప్రతిబింబం. తెలుగువాడు నీడను చూసి, ఉర్దూవాడు ప్రతిబింబాన్ని చూసి ఒకే కళకు రెండు పేర్లు పెట్టారు. నిజాం స్వయంగా ఉర్దూ కవి. దీన్ దయాళ్ పనితనాన్ని మెచ్చి ఆయన మీద కవిత కూడా చెప్పారు.

1892లో దీన్ దయాళ్ చేసిన ఒక పనిని గురించి మేము విశేషంగా చెప్పదలచుకున్నాము. ఆనాటి హైదరాబాదులో ఘోషా పాటించే కుటుంబాల స్త్రీలు పరపురుషుని ఎదుట కూర్చుని చిత్రం తీయించుకోవడం జరిగే పని కాదు. తండ్రికి, భర్తకు, కుమారునికి చిత్రాలున్నాయి, తల్లికి లేదు. దీన్ దయాళ్ నగరంలో స్త్రీల కొరకే ఒక జెనానా స్టూడియో తెరిచారు. దాని నిర్వహణ ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించారు. లోపల కెమెరా నడిపేది స్త్రీలే. బయటివారి చూపు పడకుండా చుట్టూ ఎత్తయిన గోడలు. స్త్రీలను వారి ఆచారం వదలుకొని రమ్మని ఆయన అడగలేదు. వారి ఆచారానికి తగినట్లు తన స్టూడియోనే మార్చుకున్నారు. ఇందులో వ్యాపారదృష్టి లేదని మేము అనము. ఉన్నది. కాని ఆ వ్యాపారదృష్టి కారణంగా కెమెరా వెనుక నిలబడే పని ఈ నగరంలో నూట ముప్పది ఏళ్ళ క్రిందటే స్త్రీల చేతికి వచ్చిందన్నది కూడా నిజమే.

మా తరగతిలోని విద్యార్థినులలో కొందరు పరదా పాటించేవారున్నారు. మనుషుల చిత్రాలు తీసే అభ్యాసంలో ఒకరి ఎదుట ఒకరు కూర్చోవలసి ఉంటుంది. తలుపులు తెరచిన ఒకే గదిలో అందరి సమక్షాన అది వారికి సాధ్యం కాక, కాగితం పూలను, సీసాలను తీసి మార్కులు తెచ్చుకున్నారు. పూలు తీయడం తప్పు కాదు. కాని మనిషి ముఖం తీయడం నేర్వకుండా ఈ విద్య పూర్తికాదు. వారానికి ఒక పూట స్టూడియో గదిని విద్యార్థినులకే కేటాయించి, ఒక తెర కట్టించినచో చాలును. ఇది ఫిర్యాదు కాదు, విన్నపం. దీన్ దయాళ్ 1892లో ఆలోచించిన విషయాన్ని కళాశాల కమిటీ పెద్దలు కూడా ఆలోచించవలెనని మనవి.

దీన్ దయాళ్ కీర్తి సముద్రాలు దాటింది. 1893లో అమెరికాలోని షికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలు ప్రదర్శింపబడ్డాయి. విక్టోరియా మహారాణి నుండి రాజముద్ర వేసిన నియామకపత్రం లభించింది. 1896లో బొంబాయిలో పెద్ద స్టూడియో ప్రారంభించారు. కుమారులు జ్ఞానచంద్, ధరమ్‌చంద్ తండ్రికి చేదోడుగా నిలిచారు. గాజుపలకలకు వరుస సంఖ్యలు వేసి భద్రపరచే పద్ధతి ఆయన సంస్థలో ఉండేది. అంచనాదారు ఉద్యోగంలో అలవడిన క్రమశిక్షణ కాబోలు. మా తరగతిలో ఎవరి చిత్రం ఏ ఫైలులో ఉందో వారికే తెలియదు. ఈ విషయంలో మేము మరింత సిగ్గుపడవలసి ఉంది.

తడిపలకలు పోయి ఎండుపలకలు వచ్చిన మార్పును కూడా ఆయన తన జీవితకాలంలోనే చూశారు. 1871లో మాడక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు జెలటిన్ పూసిన పలకల ఆలోచన ప్రకటించాడు. కొద్ది సంవత్సరాలలో అవి అంగళ్ళలో దొరకసాగాయి. ఇక చీకటి గుడారాన్ని వెంట మోయనక్కరలేదు. పలకలను తెచ్చుకొని తీరికగా ఇంటివద్ద కడుగుకోవచ్చు. రెప్పపాటులో చిత్రం పడుతుంది. నడిచే ఏనుగు, పరుగెత్తే గుర్రం చిత్రానికి లొంగాయి. కొత్త పద్ధతి వచ్చినప్పుడు పాతవారు కొందరు నొచ్చుకొని మానుకుంటారు, కొందరు పాతదంతా మరచి కొత్తదానివెంట పరుగెత్తుతారు. దీన్ దయాళ్ పాత పద్ధతిలో అలవడిన నిదానాన్ని కొత్త పద్ధతిలోకి తెచ్చారు. ఎండుపలకలపై తీసిన ఆయన గుంపు చిత్రాలలో సైతం ఎవరి భుజం ఎవరి ముఖానికి అడ్డు రాదు. ఒక్కొక్కరు తన తావులో తాను నిలబడి ఉంటారు.

ఆయన చిత్రాలన్నిటినీ మేము ఒకే విధంగా మెచ్చుకోలేకపోయాము. ఈ మాట వ్రాయడానికి కొంత సంకోచించాము గాని, గురువని భావించినవారిని గురించి కూడా నిజమే చెప్పాలి. ఆయనను పోషించింది ప్రభువులు. ప్రభువులు ఎలా కనబడదలచుకున్నారో అలాగే కనబడతారు. ఆ విందు బల్లలపై పళ్ళేలు మోసినవారు, ఆ పులిని అడవిలోనుండి తరిమి తెచ్చినవారు, ఆ తెల్లని అంగరఖాలు నేసినవారు చిత్రం అంచున ఉంటారు, లేదా అసలే ఉండరు. 1899-1900 నాటి ఘోరమైన కరవు కాలంలో నిజాం ప్రభుత్వం జరిపిన సహాయ కార్యక్రమాలను ఆయన సంస్థ చిత్రించింది. ఆ చిత్రాలలో మాత్రం పేదలు నడిమికి వచ్చారు. వరుసలుగా కూర్చున్నారు. డొక్కలు లెక్కపెట్టవచ్చు. ఆ చిత్రాల ఉద్దేశం ప్రభుత్వం చేసిన మేలును చూపడమే. చూసినవారి కన్ను మాత్రం ఆ మేలుమీద నిలవదు, ఆ ముఖాలమీద నిలుస్తుంది. ప్రభువుల చిత్రాల క్రింద పేర్లు, బిరుదులు వరుసగా ఉంటాయి. వీరి క్రింద పేరు లేదు.

ఇది చదివి మేము మా పన్నెండు చిత్రాల క్రింద వ్రాసుకున్న పేర్లు తిరిగి చూసుకున్నాము. ఒకదాని క్రింద పొందూరు వృద్ధురాలు అని ఉంది. మరొకదాని క్రింద నూలు వడకుతున్న స్త్రీ అని ఉంది. ఆమె మా సొంత అమ్మమ్మ! పరాయి దేశపు యాత్రికుడు వ్రాసినట్లు వ్రాశాము. ఎవరు నేర్పారు మాకు ఆ భాష?

దీన్ దయాళ్ చివరి సంవత్సరాలలో దుఃఖం తోడైంది. 1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించాడు. మరుసటి సంవత్సరం, 1905 జూలైలో, దీన్ దయాళ్ పరమపదించారు. ఆయనకు అరవై ఏళ్ళు దాటాయి. 1911లో పోషకుడైన ఆరవ నిజాం కూడా కన్నుమూశారు. సంస్థ పూర్వవైభవం తగ్గింది. కాని గాజుపలకలను కుటుంబం కాపాడుకుంటూ వచ్చింది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజు నెగెటివులను సేకరించి భద్రపరచింది. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలాబిళ్ళ విడుదల చేసింది. చేయి జారితే ముక్కలయ్యే గాజు నూరేళ్ళు నిలిచింది. మేము మొదటి సంవత్సరం తీసిన చిత్రాలలో సగం, కంప్యూటరు చెడిపోయిన ఒక్క రాత్రిలో పోయాయి.

రెండవ సంవత్సరపు అభ్యాసంగా అదే అంశాన్ని మళ్ళీ తీస్తామని అనుమతి కోరాము. కొత్త అంశం తీసుకుంటే మార్కులు ఎక్కువ వస్తాయని స్నేహితులు హెచ్చరించారు. సంక్రాంతి సెలవులలో పొందూరు స్టేషనులో దిగినప్పుడు సంచిలో ఒకే లెన్సు ఉంది. మొదటి రెండు రోజులు కెమెరా బయటకు తీయలేదు. అమ్మమ్మ ఇంట్లో వెలుతురు ఏ వేళ ఏ మూలకు వస్తుందో కాగితం మీద వ్రాసుకున్నాము. ఉదయం ఎనిమిది గంటలకు తూర్పు గుమ్మంలోనుండి వచ్చే ఎండ నేలను తాకి పైకి లేచి ఆమె ఎడమ భుజం మీద పడుతుంది. తొమ్మిదిన్నరకు అది పోతుంది. కెమెరాలోని కొలత చీకటి గోడను చూసి మోసపోతున్నదని తెలిసింది గనుక, చీర దగ్గరకు వెళ్ళి ఆ తెలుపును మాత్రమే కొలిచి, దానికంటె కొద్దిగా వెలుతురు పెంచి తీశాము. తెలుపునే కొలిస్తే కెమెరా దానిని బూడిదరంగు చేస్తుంది గనుక ఆ కొద్దిపాటి పెంపు అవసరం. నూలుపోగు కోసం మరొక ఉపాయం కావలసివచ్చింది. తెల్లని చీర ముందు తెల్లని పోగు కనబడదు. రాట్నాన్ని జానెడు పక్కకు జరిపితే పోగుకు వెనుక గది చీకటి వస్తుంది. జరపడానికి అమ్మమ్మ మొదట ఒప్పుకోలేదు. నలభై ఏళ్ళుగా ఆ రాట్నం అక్కడే ఉందట. మరునాడు తానే జరిపి పెట్టింది.

ఎదుట ఎవరూ ఉండరాదన్నది ఆమె పెట్టిన నియమం. నిరుడు మాతో వచ్చిన ఇద్దరు మిత్రులు ఆమె ఇంట్లో నిలబడి చూస్తున్నప్పుడు తనకు చేయి ఆడలేదని, పోగు నాలుగుసార్లు తెగిందని ఇప్పుడు చెప్పింది. నిరుడు మేము ఆ సంగతి గమనించనే లేదు. ఈసారి తలుపు ఓరగా వేసి మేమొక్కరమే ఉన్నాము. మూడు ఉదయాలలో ముప్పది ఆరు చిత్రాలు మాత్రమే తీశాము.

వాటిలో పన్నెండింటిని ప్రింటు వేయించి కళాశాలకు సమర్పించాము. వాటి క్రింద ఆమె పేరు, ఇంటిపేరు, వయస్సు వ్రాశాము. పత్రికలో మాత్రం తన పేరు వేయవద్దని ఆమె కోరింది గనుక ఇక్కడ వేయడం లేదు. అధ్యాపకులు రెండింటిని తిరిగి తీయమన్నారు; చేప దవడ పట్టుకున్న చేయి స్పష్టంగా లేదన్నారు. అది నిజమే. ప్రత్తి దువ్వే చేయి వేగంగా కదులుతుంది. ఆ గది వెలుతురుకు అంత వేగాన్ని ఆపడం మాకు ఇంకా పట్టుబడలేదు.

ఒక ప్రింటును వేసవిలో ఇంటికి తీసుకువెళ్ళి అమ్మమ్మ చేతికి ఇచ్చాము. ఆమె తన ముఖంవైపు చూసుకోలేదు. చిత్రాన్ని గుమ్మం వెలుతురుకు పట్టి, కదురునుండి వేళ్ళ దాకా సాగిన పోగును వేలితో తడుముతూ చూసింది. ఒకచోట వేలు ఆపి, ఇక్కడ కొంచెం లావు పోయిందని చెప్పింది.